ఫీల్డ్ కోర్సుకు సంచి సర్దేముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆవరణ శాస్త్రం చదివేవారు కొన్నాళ్ళపాటు ఆరుబయట ఉండి, మొక్కలనూ జంతువులనూ అవి బతికే చోటనే చూసి, లెక్కపెట్టి, రాసుకొనే ఫీల్డ్ కోర్సులకు ఏమేమి పట్టుకెళ్ళాలన్నది ఈసారి ఎక్కువ ఉత్తరాలలో కనిపించిన ప్రశ్న. ఒకే సంగతిని పలువురు పలురకాలుగా అడిగారు కనుక వాటిలో ఏడింటిని ఎంచుకొని జవాబులు రాస్తున్నాను. ఇటువంటి కోర్సులకు విద్యార్థిగా కొన్నిసార్లు, బోధించేవారిలో ఒకరిగా మరికొన్నిసార్లు వెళ్ళాను. కింది మాటల్లో కొన్ని తడిసి ముద్దయ్యాక నేర్చుకొన్నవేనని ముందే ఒప్పుకొంటున్నాను.

ప్రశ్న: పది రోజుల ఫీల్డ్ కోర్సుకు ఎంపికయ్యాను. నిర్వాహకులు పంపిన జాబితాలో నలభైకి పైగా వస్తువులున్నాయి. అన్నీ కొనడం నా వల్ల కాదు, మొయ్యడమూ కష్టమే. ఎక్కడ మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: జాబితా చేతికి రాగానే కొనడానికి బయలుదేరకండి, ముందు నిర్వాహకులకు ఒక ఉత్తరం రాయండి. రాత్రి బస పైకప్పు కిందనా, గుడారంలోనా? వాహనం దిగాక పనిచేసే చోటికి ఎంత నడవాలి? ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది, ఆ నెలలో రాత్రి ఉష్ణోగ్రత ఎంతవరకు పడిపోతుంది? నీళ్ళలోకో బురదలోకో దిగే పని ఉంటుందా? ఏయే పరికరాలు అక్కడే ఇస్తారు? ఈ అయిదింటికి సమాధానాలు వస్తే మీ జాబితా దానంతటదే కురచ అవుతుంది. నేలమీద పరచి మొక్కలు లెక్కించే క్వాడ్రాట్ చట్రాలు, కొలత టేపులు, కీటకాల వలలు, నీటి పరీక్ష సామగ్రి వంటివి మామూలుగా కోర్సువారే సమకూరుస్తారు. అయినా అడిగి రూఢి చేసుకోవడం మంచిది.

ఆ తరువాత ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకొని, ఇది లేకపోతే ఏ పని ఆగిపోతుంది లేదా ఏ ప్రమాదం ముంచుకొస్తుంది అని అడగండి. జవాబు దొరికినది సంచిలోకి, దొరకనిది అలమారలోకి. వానకోటు లేకపోతే మధ్యాహ్నం పని ఆగిపోతుంది, విడి మేజోళ్ళు లేకపోతే మూడో రోజున నడక ఆగిపోతుంది. నాలుగో చొక్కా లేకపోతే ఏమీ ఆగదు.

మోసే బరువుకు ఒక మోటు లెక్క ఉంది. బస సామాను మొత్తం ఉన్న పెద్ద సంచి శరీర బరువులో అయిదో వంతును, రోజంతా వీపున ఉండే చిన్న సంచి పదో వంతును మించకుండా చూసుకోవాలి. యాభై కిలోల మనిషికి అవి పది కిలోలు, అయిదు కిలోలు అవుతాయి. లీటరు నీరు ఒక కిలో తూగుతుంది కనుక మూడు లీటర్లు పోసుకొంటే చిన్న సంచిలో మిగిలేది రెండు కిలోలే. ఆ రెండు కిలోల్లోనే వానకోటు, నోట్‌బుక్, భోజనం, టార్చ్, మందులు, విడి మేజోళ్ళు ఇమడాలి. అందరూ పెద్ద సంచి గురించే మథనపడతారు గాని, పనిచేసే పది గంటలూ మీతో ఉండేది చిన్నదే. దాన్ని ముందు సర్దండి, మిగిలినది పెద్దదానిలోకి వెళ్తుంది.

సంచి మీద తొడిగే వాన తొడుగును నమ్ముకోకండి. వీపు వైపున అది తెరిచే ఉంటుంది కాబట్టి వెన్నెంట కారిన నీరు నేరుగా లోపలికి దిగుతుంది. దాని బదులు సంచి లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పరచి, అందులో సామాను పెట్టి మూతి మెలితిప్పండి. వానకోటు అన్నిటికన్నా పైన ఉండాలి. అడుగున పెట్టినవారు దాన్ని తీసేలోపు మిగిలినవన్నీ తడుపుకొంటారు.

చాలా వస్తువులు అరువు తెచ్చుకోవచ్చు, బూట్లు మాత్రం కాదు. ఇంకొకరి పాదానికి అలవాటుపడిన బూటు మీ పాదాన్ని ఒరుసుకొంటుంది. కొత్త బూట్లయినా కనీసం మూడు నాలుగు వారాల ముందు కొని, కోర్సులో వేసుకోబోయే మేజోళ్ళతోనే, సంచి వీపున వేసుకొని రోజూ కొంత నడవండి. రాపిడికి తేమ తోడైతే బొబ్బలెక్కుతాయి; చర్మం వేడెక్కి మంటగా అనిపించిన క్షణంలోనే ఆగి అక్కడ అతుకుపట్టీ వేస్తే బొబ్బ రాదు. తోటివారు ముందుకు వెళ్ళిపోతున్నారని మొహమాటపడి నడిచినవారే మరునాడు బసలో కూర్చుంటారు.

ప్రశ్న: ఫోన్‌లో ఫొటోలు తీయవచ్చు, రాసుకోవచ్చు, మన ఉనికీ నమోదవుతుంది. అటువంటప్పుడు నోట్‌బుక్, పెన్సిలు తప్పనిసరి అని జాబితాలో ఎందుకు పెడుతున్నారు? ఇది పాతకాలపు చాదస్తం కాదా?
— జంతుశాస్త్ర విద్యార్థి

జవాబు: మీ ఎత్తిపొడుపులో కొంత న్యాయం ఉన్నా, నేను చాదస్తుల పక్షమే. 1908లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో వెన్నెముక గల జంతువుల మ్యూజియానికి తొలి డైరెక్టరైన జోసెఫ్ గ్రిన్నెల్, తన బృందంలోని ప్రతి ఒక్కరూ ఆ రోజు నడిచిన దారి, వాతావరణం, కనబడిన జంతువులు, అవి కనబడిన తావుల స్వరూపం, అన్నీ ఒక పద్ధతి ప్రకారం ఏ రోజుకారోజు రాసి తీరాలని పట్టుబట్టాడు. 1914 నుంచి 1920 దాకా కాలిఫోర్నియాలోని యోసెమైట్ ప్రాంతంలో వాళ్ళు రాసిన పుటలను దగ్గర పెట్టుకొని, దాదాపు తొంభై ఏళ్ళ తరువాత మరో బృందం అవే చోట్లకు వెళ్ళి మళ్ళీ లెక్కించింది. 2008లో వెలువడిన ఆ ఫలితాలలో, పరిశీలించిన 28 చిన్న క్షీరద జాతుల్లో సగానికి నివాస హద్దులు కొండల మీద సగటున 500 మీటర్ల పైకి జరిగినట్లు తేలింది. ఆ పోలిక సాధ్యమైంది నోట్‌బుక్కుల వల్లనే. ఫలానా జంతువు ఇక్కడ కనబడలేదు, దాని కోసం ఇన్ని బోనులు ఇన్ని రాత్రులు పెట్టాము అన్న లేమి లెక్కను ఏ ఫొటో కూడా చెప్పలేదు.

ఇక పెన్సిలు సంగతి. గ్రాఫైట్ నీళ్ళలో కరగదు కనుక పుట తడిసినా రాత చెరిగిపోదు. మామూలు సిరా అలుక్కుపోతుంది, బాల్‌పాయింట్ పెన్ను చలిలో మొరాయిస్తుంది. అయితే మామూలు కాగితం తడిస్తే పెన్సిలు మొన దాన్ని చింపేస్తుంది. తడి చోట పనిచేసేవారు తడవని కాగితం గల నోట్‌బుక్ తీసుకొంటే మంచిది. అరచేతిలో ఒదిగేంత, గట్టి అట్ట గలది ఒకటి చాలు. రెండు పెన్సిళ్ళలో ఒకదానిని దారంతో పుస్తకానికే కట్టెయ్యండి. గడ్డిలో పడిన పెన్సిలు మళ్ళీ దొరకదు. ఒక పుట అంచున సెంటీమీటర్లు గుర్తుపెట్టుకొంటే, కాలిముద్ర పక్కన ఆ పుటనే ఉంచి ఫొటో తీసుకోవచ్చు.

ఫోన్ పట్టుకెళ్ళవద్దని నేననడం లేదు. నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కాని పటం ముందే దింపుకొని ఉంచాలి. ఫ్లైట్ మోడ్‌లో పెడితే సిగ్నల్ కోసం వెదుకులాట ఆగి బ్యాటరీ నిలుస్తుంది. చలి చోట బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది కనుక ఫోన్‌ను లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. అక్షాంశ రేఖాంశాలను దశాంశం తరువాత అయిదు అంకెల దాకా రాస్తే చాలు, ఆ అయిదో అంకె దాదాపు ఒక మీటరుతో సమానం. దట్టమైన చెట్ల కింద ఫోన్ అంత కచ్చితంగానూ చూపలేదు కాబట్టి ఏడెనిమిది అంకెలు ఎక్కించి రాయడం లేని కచ్చితత్వాన్ని ఉన్నట్లు చూపడమే. రోజు ముగిశాక నోట్‌బుక్ పుటలన్నిటినీ ఫొటో తీయడం మాత్రం మరవకండి. ఒక కోర్సులో నా నోట్‌బుక్ వాగులో పడి కొట్టుకుపోయింది, నాలుగు రోజుల లెక్కలూ దానితోపాటే వెళ్ళిపోయాయి.

ప్రశ్న: ఎప్పుడూ జీన్స్, నూలు టీషర్టులు వేసుకొంటాను. వాటితోనే వెళ్ళవచ్చా? ఎన్ని జతలు కావాలి?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: చోటును బట్టి ఉంటుంది. పొడిగా ఎండకాసే చోట వదులైన నూలు చొక్కా హాయిగానే ఉంటుంది, చెమట మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. చలి, వాన ఉన్నచోట ఆ గుణమే శత్రువవుతుంది. నూలు నీటిని పీల్చుకొని బరువెక్కుతుంది, పోగుల మధ్య వెచ్చదనాన్ని నిలిపే గాలి పోతుంది. తడిసిన జీన్స్ సాయంత్రానికీ ఆరదు, మోకాళ్ళ దగ్గర బిగుసుకొని నడవనీయదు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది. కాబట్టి చలి చోటికి ఒంటికి ఆనుకొని పలుచని పాలిస్టర్ లేదా ఉన్ని బనీను, దాని మీద వెచ్చని స్వెట్టరు, అన్నిటి పైన గాలినీ వాననూ ఆపే కోటు, ఇలా పొరలుగా వేసుకోవాలి. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసెయ్యడం, ఆగి కూర్చొని లెక్కలు రాసేటప్పుడు వణుకు రాకముందే తొడుక్కోవడం అలవాటు చేసుకోండి. ఆవరణ శాస్త్రపు పనిలో నడక కన్నా ఒకేచోట కదలక కూర్చోవడమే ఎక్కువ. పర్వతారోహకుల జాబితాలు మనకు సరిగా అతకనిది ఇందుకే.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ సగటున ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. రెండు వేల మీటర్ల ఎత్తున బస అంటే కింది మైదానం కన్నా పదమూడు డిగ్రీలు తక్కువని లెక్కవేసుకోవాలి, గాలి వీస్తే ఇంకా చల్లగా తోస్తుంది. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు; అది మంచు కొండల మీదనే రానక్కరలేదు, తడిసిన బట్టలతో ఈదురుగాలిలో కూర్చున్నా వస్తుంది.

జతల విషయంలో నా అభిప్రాయం కాస్త మొండిది. పది రోజులకైనా ఇరవై రోజులకైనా మూడు జతలు చాలు: ఒంటి మీద ఒకటి, తీగ మీద ఆరుతున్నది ఒకటి, రాత్రి పడుకోవడానికి మాత్రమే వాడే పొడి జత ఒకటి. ఆ మూడోదానిని ఏం జరిగినా పనిలోకి వేసుకెళ్ళకూడదు. ఉదయం తడి బట్టలు మళ్ళీ తొడుక్కోవడం దుర్భరమే కాని, వెచ్చగా నిద్రపోయినవాడు దాన్ని భరించగలడు. మేజోళ్ళు మాత్రం నాలుగైదు జతలు పెట్టుకోండి. మిలిటరీ దుస్తులను పోలిన మచ్చల బట్టలు వద్దు. కొన్ని దేశాలలో పౌరులు వాటిని వేసుకోవడం నేరం.

ప్రశ్న: మా అబ్బాయికి ఒకసారి కందిరీగ కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరి అందలేదు. ఇప్పుడు ఫీల్డ్ కోర్సుకు వెళ్తానంటున్నాడు. జలగలు, పిడుదులు కూడా ఉంటాయట. ఏ మందులు పెట్టి పంపాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా వైద్యుడిని కలవండి. ఊపిరి అందకపోవడం అంటే తీవ్రమైన అలెర్జీ. అటువంటివారికి తొడ కండలోకి తమంతట తాము పొడుచుకొనే అడ్రినలిన్ ఇంజెక్షన్ పరికరాన్ని వైద్యులు రాసిస్తారు. రాసిస్తే ఒకటి కాదు, రెండు ఉండాలి, ఎందుకంటే ఒక మోతాదు చాలకపోవచ్చు. అవి బసలోని పెద్ద సంచిలో కాక, అబ్బాయి వీపున ఉండే చిన్న సంచి పై జేబులో ఉండాలి. దాన్ని ఎలా వాడాలో కోర్సు బాధ్యులకూ, రోజూ అతనితో జంటగా పనిచేసే విద్యార్థికీ చూపించమనండి. ఈ సంగతి చెబితే పంపరేమోనని కొందరు దాస్తారు; ముందే తెలిస్తే వైద్యసాయానికి దగ్గరగా ఉండే పని అప్పగించగలుగుతారు.

జలగలకు మోకాలి దాకా వచ్చే దట్టమైన నేతగుడ్డ తొడుగులు ఉంటాయి, వాటి నేత సందుల్లో అవి దూరలేవు. పిడుదులు గడ్డి కొసల నుంచి ఎక్కుతాయి. ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపి, అవి పాకుతుంటే కనబడేలా లేతరంగు బట్టలు వేసుకొని, రాత్రి చంకలు, మోకాలి వెనుక భాగం, చెవుల వెనుక వెతుక్కోవాలి. పట్టిన పిడుదును సన్నని మొనల పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, మెలితిప్పక నిదానంగా నిటారుగా లాగాలి. నూనె పూయడం, నిప్పు చూపడం వద్దు.

దోమల మందుల్లో డీట్ బాగా పనిచేస్తుంది గాని, అది కొన్నిరకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కళ్ళజోడు, గడియారపు అద్దం, బైనాక్యులర్స్ పట్టుకొనే ముందు చేతులు తుడుచుకోమనండి. ఎండకు రాసుకొనే క్రీము ముందు, డీట్ తరువాత. బట్టలకు పట్టించే పెర్మెత్రిన్ అనే కీటకనాశని ఒంటికి రాసుకొనేది కాదు. చేపలకూ నీటి కీటకాలకూ అది విషం కాబట్టి ఆ బట్టలను వాగులో ఉతకకూడదు. కప్పలను పట్టుకోవలసిన రోజున చేతులకు వీటిలో ఏదీ ఉండరాదు, ఎందుకంటే కప్పలు చర్మం ద్వారా నీటినీ గాలినీ తీసుకొంటాయి, దానితోపాటు మన చేతి మందునూ తీసుకొంటాయి.

ప్రశ్న: బూట్లు తోముకొనే బ్రష్ తెమ్మన్నారు. బురదలో తిరగడానికే కదా వెళ్తున్నాము, బూట్లు మెరవనక్కరలేదు కదా?
— తొలిసారి వెళ్ళే విద్యార్థి

జవాబు: బూట్లు మెరవాలని కాదు. ఒకచోటి మట్టిని ఇంకొక చోటికి మీరు మోయకూడదని. కప్పల చర్మాన్ని పట్టే బాట్రకోకైట్రియం డెండ్రోబటిడిస్ అనే శిలీంధ్రానికి 1999లో పేరు పెట్టి వర్ణించారు. అది వ్యాపించడం వల్ల కనీసం 501 ఉభయచర జాతుల సంఖ్య క్షీణించిందనీ, వాటిలో 90 అంతరించి ఉంటాయనీ 2019లో వచ్చిన అంచనా. దాని బీజాలు నీటిలో ఈదుతాయి, తడి మట్టిలో నిలుస్తాయి. ఒక చెరువులో దిగిన బూట్లను అదే తడితో మరో చెరువులో దింపినవాడు, ఎంత కప్పల ప్రేమికుడైనా, దానికి వాహనమే. బ్రష్‌తో మట్టి అంతా రాల్చి, కోర్సువారు చెప్పిన క్రిమిసంహారక ద్రవంతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఆరడం ఆ శిలీంధ్రానికి గిట్టదు. ఇంటినుంచి బయలుదేరే ముందు కూడా ఇది చెయ్యాలి. చాలామంది తిరిగి వచ్చాక మాత్రమే చేస్తారు.

మట్టి మాటెలా ఉన్నా, విత్తనాలను ఎవరూ పట్టించుకోరు. మేజోళ్ళు, బూటు లేసులు, జేబుల మూలలు, సంచి అడుగు వెతికితే గడ్డిగింజలు దొరకకుండా ఉండవు. అన్నిటిలోకీ వెల్‌క్రో పట్టీలు గొప్ప విత్తన సేకరణ యంత్రాలు. 1941లో కుక్కతో షికారుకు వెళ్ళిన జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విస్ ఇంజనీరు, తన బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకొన్న ముళ్ళకాయలను సూక్ష్మదర్శినిలో చూసి తయారుచేసిన పట్టీ అది. పుట్టింటి గుణం పోతుందా? సన్నని పట్టకారుతో గింజలను ఏరి, ఏరినవాటిని మూటగట్టి చెత్తబుట్టలో వేయండి, కిటికీలోంచి విసరకండి.

ప్రశ్న: బైనాక్యులర్స్ ఎక్కువ రెట్లు పెద్దగా చూపేవి కొంటే మంచిదా? భూతద్దం ఏది తీసుకోవాలి?
— పక్షుల మీద ఆసక్తి గల పాఠకురాలు

జవాబు: ఎనిమిది రెట్లు చాలు. పది రెట్లకు పక్షితోపాటు చేతి వణుకు కూడా పెద్దదై కనబడుతుంది, చూపు మేర ఇరుకవుతుంది. బైనాక్యులర్స్ మీద 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లు అని అర్థం. 42ను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు కంటిలోకి వచ్చే కాంతి వలయం వెడల్పు. తెల్లవారుజామున విప్పారిన కనుపాపకు అది సరిపోతుంది. జేబులో పట్టే 10×25 రకంలో అది 2.5 మాత్రమే, పక్షులు కూసే ఆ వేళలోనే అది చీకటిగా చూపుతుంది. భూతద్దం పది రెట్లది కొని, మెడలో వేసుకొనేలా తాడు కట్టండి. దాన్ని ఆకు మీద కాదు, కంటికి ఆనించి పట్టుకొని, ఆకునే రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తీసుకురావాలి. మొదటి రోజు తరగతిలో సగం మంది దీన్ని తలకిందులుగానే చేస్తారు.

ప్రశ్న: గుడారంలో బస, మరుగుదొడ్డి లేని చోట పని అన్నారు. ఆ రోజుల్లోనే నెలసరి వస్తుంది. ఎవరిని అడగాలో తెలియక మీకు రాస్తున్నాను. ఇంకొక సంగతి, కోర్సు చోటికి విమానంలో వెళ్తున్నాను, వేటిని తీసుకెళ్ళనివ్వరు?
— పరిశోధక విద్యార్థిని

జవాబు: మీరు అడగడం మంచిదైంది; జాబితాలు రాసేవారు దీన్ని తరచుగా మరచిపోతారు. కావలసినవాటికి రెండింతలు పెట్టుకోండి, తేదీ రానివారు కూడా కొన్ని పెట్టుకోవాలి, ప్రయాణపు అలసటతో తేదీలు తప్పుతాయి. వాడిన ప్యాడ్లను మట్టిలో పాతకూడదు, జంతువులు తవ్వి బయటికి లాగుతాయి, అందులోని ప్లాస్టిక్ కుళ్ళదు. లోపలిది కనబడని దళసరి జిప్ సంచి ఒకటి, అందులో కాస్త వంటసోడా, చేతులు శుభ్రం చేసుకొనే ద్రవం, ఇవి చిన్న సంచిలో వేరుగా ఉంచుకొని అన్నీ బసకు తిరిగి తెచ్చుకోండి. ప్యాడ్లకు బదులు నెలసరి కప్పు వాడేవారైతే అలవాటు చేసుకోవడానికి కోర్సు మొదటి రోజు తగినది కాదు, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. కడగడానికి తాగేనీరు కొంత ఎక్కువగా మోసుకెళ్ళాలి. బృందంలో బాధ్యత గల ఒక మహిళ ఎవరో ముందే కనుక్కొని, మధ్యలో విరామాలు కావాలని ఆమెతో చెప్పండి.

విమానం సంగతి: పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, విమానంవారికి అప్పగించే సామానులో వేయకూడదు. మామూలుగా 100 వాట్ అవర్ల లోపువాటిని అనుమతిస్తారు. 20,000 మిల్లీ యాంపియర్ అవర్ల పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లే కనుక చిక్కు లేదు. చాకు, కత్తెర, మొనదేలిన పట్టకారు సామానులో వెయ్యండి. వంట స్టవ్ గ్యాస్ డబ్బాలను ఎందులోనూ తీసుకెళ్ళనివ్వరు. నమూనాలు నిలవచేసే 95 శాతం ఆల్కహాల్ కూడా అంతే, 70 శాతం దాటినదాన్ని విమానంలో ఎక్కించనివ్వరు; దాన్ని అక్కడే సమకూర్చమని కోర్సువారిని ఇప్పుడే అడగండి, ఖాళీ సీసాలు మీరు పట్టుకెళ్ళండి.